తూకంలో తేలనిది



మాది భీమవరం దగ్గర ఒక పల్లె. మా వీధి చివరి ఇంట్లో ఒక బాబాయి ఉండేవాడు. ఏ వరసన బాబాయో నాకు ఇప్పటికీ తెలియదు, ఊరందరికీ ఆయన బాబాయే. పందెం పుంజుల్ని పెంచేవాడు. సంక్రాంతి ఇంకా రెండు నెలలుందనగానే ఆయన పెరట్లో సందడి మొదలయ్యేది. పొద్దున్నే పుంజుని చెరువులో ఈదించడం, తుడిచి ఎండలో కట్టెయ్యడం, చోళ్ళూ బాదంపప్పులూ పెట్టడం, సాయంత్రం ఒళ్ళు కాపడం. కానీ ఏనాడూ పుంజుని కాటాలో వేసి తూచగా నేను చూడలేదు. రెండు అరచేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా ఒకసారి పైకీ కిందికీ ఊపేవాడు. తర్వాత రొమ్ము కింద వేళ్ళు పెట్టి నొక్కి చూసేవాడు. "బరువొచ్చిందిరా. కాకపోతే ఇది కండ కాదు, కొవ్వు" అనేవాడు ఒకసారి. ఇంకోసారి, "బరువు సరిపోయింది గానీ మరీ ఎండగట్టేశాం. లోపల నీరు లేదు. రెండో దెబ్బకే నోరు తెరిచేస్తుంది" అనేవాడు.

కోడిపందేలు చట్టానికి విరుద్ధం. మూగజీవాల ఉసురు పోసుకునే ఆట అది. దాన్ని మెచ్చుకోవడానికి ఈ ముచ్చట ఎత్తుకోలేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది బాక్సింగ్ గురించి, ముఖ్యంగా రాయ్ జోన్స్ జూనియర్ అనే అమెరికన్ బాక్సర్ గురించి. ఫ్లోరిడాలోని పెన్సకోలా అతని ఊరు. అక్కడ తన పొలంలో అతను కూడా పందెం పుంజుల్ని పెంచాడు. రింగులో తన అడుగులూ ఎత్తులూ కొన్ని పుంజుల్ని చూసి పట్టుకున్నవేనని తనే చెప్పుకున్నాడు. అతని కథ చదివినప్పుడల్లా నాకు బాబాయి అరచేతులు గుర్తొస్తాయి.

ఇంకో చిత్రం కూడా ఉంది. బెర్నార్డ్ హాప్కిన్స్ 1965 జనవరి 15న పుట్టాడు. రాయ్ జోన్స్ 1969 జనవరి 16న పుట్టాడు. మహమ్మద్ అలీ 1942 జనవరి 17న పుట్టాడు. వరసగా మూడు తేదీలు, మన సంక్రాంతి రోజులు. ముగ్గురూ ప్రపంచ ఛాంపియన్లే. ముగ్గురూ చివరికి ఓడిపోయారు. కానీ ముగ్గురూ మూడు రకాలుగా దిగిపోయారు. గొప్ప బాక్సర్ ఎవరైనా ఓడితే మనం "వయసైపోయింది పాపం" అని ఒక్క మాటతో సరిపెడతాం. వయసు అందరికీ వస్తుంది. ఒకడు 35 ఏళ్ళకే కూలిపోయి, ఇంకొకడు 49 ఏళ్ళకి కూడా ఛాంపియన్‌గా ఎలా నిలబడ్డాడు? దీనికి జవాబు మూడు చోట్ల వెతకాలి. బరువు ఒకటి, ఒంటిని సాధనలో ఉంచుకోవడం రెండు, ఆడే తీరు మూడు.

ముందు రాయ్ జోన్స్ ఎలాంటివాడో చూద్దాం.

1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అతను కొట్టిన దెబ్బలు 86, తిన్నవి 32. అయినా న్యాయనిర్ణేతలు 3-2తో దక్షిణ కొరియా కుర్రాడిని గెలిపించారు. ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ బాక్సర్‌కిచ్చే ట్రోఫీ మాత్రం ఓడిన జోన్స్‌కే దక్కింది. ఆ తర్వాత ప్రొఫెషనల్ అయ్యాడు. 1993లో 160 పౌండ్ల మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ రోజు ఓడిపోయింది ఎవరో కాదు, ఇందాక చెప్పుకున్న హాప్కిన్సే. మరుసటి ఏడు 168 పౌండ్లలో జేమ్స్ టోనీని ఓడించాడు. తర్వాత 175 పౌండ్ల లైట్ హెవీవెయిట్‌కి ఎక్కాడు.

అతని వేగం ఎలాంటిదో రెండు సంగతులు చెబుతాను. 1995లో అట్లాంటిక్ సిటీలో విన్నీ పాజియెంజాతో పోటీ. నాలుగో రౌండ్ మొత్తంలో, అంటే మూడు నిమిషాల్లో, పాజియెంజా జోన్స్‌కి ఒక్క దెబ్బ కూడా తగిలించలేకపోయాడు. దెబ్బలు లెక్కపెట్టే కంప్యూటర్ వాళ్ళు ఒక రౌండుకి సున్నా రాయడం అదే మొదటిసారి. రెండో సంగతి 1996 జూన్‌లో జరిగింది. పగలు ఒక లీగ్ జట్టు తరఫున బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడాడు. అదే రోజు రాత్రి రింగులోకి దిగి, ఎరిక్ లూకాస్ మీద తన టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఆ దమ్ము చూసినవాళ్ళకి ఈ మనిషికి అలుపంటే ఏమిటో తెలియదనిపించింది.

ఇక పుంజు దగ్గర నేర్చిన ఎత్తు చూడండి. 2002 ఫిబ్రవరి, మయామీ. ఎదురుగా ఆస్ట్రేలియా బాక్సర్ గ్లెన్ కెల్లీ. ఏడో రౌండ్లో జోన్స్ తన రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు. బాక్సింగ్‌లో అంతకంటే పిచ్చిపని ఉండదు. మొహం తెచ్చి కెల్లీ ముందు పెట్టాడు, కొట్టుకో అన్నట్టు. కెల్లీ ఆశపడి చేయి విసిరాడు. జోన్స్ తల వెనక్కి తగ్గింది. వీపు వెనకున్న కుడిచేయి ఎప్పుడొచ్చిందో తెలియదు, కెల్లీ కింద ఉన్నాడు. పుంజు కూడా అంతే కదా. మెడ చాచి ఎర వేస్తుంది, ఎదటిది పొడవబోతే లాక్కుంటుంది, అదే ఊపులో ఎగిరి తంతుంది.

ఈ ఆటలో ఒక ప్రమాదం ఉంది. బాక్సింగ్ నేర్పే ఏ గురువైనా మొదటి రోజు చెప్పేవి నాలుగు మాటలు. చేతులు గడ్డం దగ్గర ఉంచు. ముందు జ్యాబ్ వెయ్యి, అంటే ముందుచేత్తో చిన్న సూటి దెబ్బతో దూరం కొలుచుకో. పాదాలు నేలని వదలకుండా కదులు. తల నిట్టనిలువుగా వెనక్కి లాగకు. జోన్స్ వీటిలో ఏదీ పాటించేవాడు కాదు. చేతులు నడుం దగ్గర వేలాడేవి. జ్యాబ్ బదులు దూరం నుంచి ఎగిరి ఎడమచేత్తో హుక్, అంటే మోచేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, వేసేవాడు. దెబ్బని చేత్తో ఆపడం కంటే తలని తప్పించడమే అతని పద్ధతి. ఇదంతా అతనికి చెల్లింది. ఎందుకు చెల్లిందంటే, ఎదటివాడి చేయి బయల్దేరాక చూసి కూడా తప్పుకోగల కళ్ళు అతనివి. ఇంటికి తలుపు అక్కర్లేదనుకున్నాడు. దొంగ గడప దాటేలోపు లేచి పట్టుకోగలనని నమ్మకం. అలా పదేళ్ళు గడిచాయి. ఒక్కసారి నిద్ర పడితే చాలు కదా!

ఇప్పుడు బరువు సంగతికొద్దాం.

2003 మార్చి 1న లాస్ వేగస్‌లో జోన్స్ ఒక సాహసం చేశాడు. హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ రూయిజ్‌తో తలపడ్డాడు. రూయిజ్ బరువు 226 పౌండ్లు, అంటే మన లెక్కలో నూటరెండున్నర కిలోలు. జోన్స్ 193 పౌండ్లు, అంటే ఎనభై ఏడున్నర. పదిహేను కిలోల తేడా. అయినా పన్నెండు రౌండ్లూ ఆడుకున్నాడు, గెలిచాడు. ఒకప్పటి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ హెవీవెయిట్ కిరీటం పెట్టుకోవడం 106 ఏళ్ళ తర్వాత జరిగింది. అంతకుముందు 1897లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ ఒక్కడే ఆ పని చేశాడు. జోన్స్ లెక్క ఆ రాత్రికి 48 విజయాలు, ఒకే ఒక్క ఓటమి. ఆ ఒక్కటీ కింద పడ్డవాడిని కొట్టినందుకు అనర్హుడైన పోటీ.

ఆ బరువుకి అతను ఒళ్ళు ఊరికే పెంచలేదు. ప్రత్యేకంగా శిక్షకుడిని పెట్టుకుని, కసరత్తు చేసి, కండ పెట్టాడు. తప్పంతా ఆ తర్వాత జరిగింది. తిరిగి 175 పౌండ్లకి దిగుతానన్నాడు. నవంబర్ 8న, అంటే ఎనిమిది నెలలకి, పాత తూకంలో ఆంటోనియో టార్వర్‌తో పోటీ. 193 నుంచి 175కి. పద్దెనిమిది పౌండ్లు, సుమారు ఎనిమిది కిలోలు.

ఎనిమిది నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గడం ఏమంత కష్టం అని మీకు అనిపించవచ్చు. మనలాంటి వాళ్ళం తగ్గితే పోయేది పొట్ట. అప్పటికే పొట్టలేని మనిషి తగ్గితే ఏం పోతుంది? మొదట కండ కరుగుతుంది. చివరి రోజుల్లో నీళ్ళు పోతాయి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో తూకం పోటీకి ముందురోజు వేస్తారు. అందుకే చివరి మూడు నాలుగు రోజులు నీళ్ళు మానేసి, ఆవిరి గదుల్లో కూర్చుని, చెమట పట్టే సూట్లు తొడుక్కుని పరుగులు పెట్టి ఒళ్ళు పిండుకుంటారు. కాటా దిగాక గబగబా తాగుతారు, తింటారు. బరువు తిరిగి వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ తాగిన నీరు ఒక్క పూటలో ఒంట్లోని ప్రతి మూలకీ చేరదు. కాళ్ళు బరువెక్కుతాయి. చూపుకీ చేతికీ మధ్య ఉండాల్సిన చురుకుదనం మందగిస్తుంది. పాతికేళ్ళ ఒళ్ళు దీన్ని దాచుకుంటుంది. ముప్పై అయిదుకి దగ్గరపడ్డ ఒళ్ళు దాచుకోలేదు.

కిలోల బాధ మన తెలుగు వాళ్ళకీ కొత్తది కాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు. 50కి దిగాల్సి వచ్చింది. దిగి, 2023లో ఢిల్లీలో అక్కడా ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2024లో పారిస్‌లో రెండో పోటీలో చైనా బాక్సర్ వూ యు చేతిలో ఓడింది. చివరికి స్వర్ణం గెలిచిన మనిషి చేతిలో ఓడడాన్ని ఒక్క బరువు ఖాతాలో రాయడం న్యాయం కాదు. కానీ ఒలింపిక్స్‌లో పోటీ ఉన్న ప్రతి ఉదయమూ కాటా ఎక్కాలి. కొవ్వనేదే లేని ఒంట్లో రెండు కిలోలంటే ఎంతో ఆ ఇంట్లో వాళ్ళకి తెలుస్తుంది.

మళ్ళీ జోన్స్ దగ్గరికి. నవంబర్‌లో టార్వర్ మీద అతను గెలిచాడు గానీ, ఎప్పుడూ చూడని జోన్స్‌ని ఆ రాత్రి జనం చూశారు. మొహం పీక్కుపోయింది. తాళ్ళకి ఆనుకుని నిలబడి దెబ్బలు తిన్నాడు. చివరి రౌండ్లలో పట్టుదలతో లేచి ఎలాగో గట్టెక్కాడు. బరువు తగ్గడం వల్లే అలా జరిగిందన్నాడు. నిజమే కూడా. రెండో పోటీ 2004 మే 15న పెట్టారు. పోటీకి ముందు రిఫరీ ఇద్దరినీ పిలిచి, ఏమైనా అడగాలా అన్నాడు. టార్వర్ ఒకటే అడిగాడు: ఈ రాత్రికి ఏమైనా సాకులున్నాయా, రాయ్? అని. రెండో రౌండ్లో జోన్స్ దెబ్బ విసిరాడు. అదే క్షణంలో టార్వర్ ఎడమచేయి పైనుంచి వచ్చి గడ్డం మీద పడింది. తల లాక్కోవాలి. లాక్కోలేదు. చేయి అడ్డు పెట్టాలి. ఆ చేయి ఏనాడూ గడ్డం దగ్గర ఉండడం నేర్చుకోలేదు. లేవబోయి తూలాడు. రిఫరీ రెండు చేతులూ ఊపేశాడు.

నాలుగు నెలల తర్వాత మెంఫిస్‌లో గ్లెన్ జాన్సన్‌తో పోటీ. జాన్సన్ జమైకాలో పుట్టిన కష్టజీవి. మెరుపులేవీ లేవు. చేతులు పైకి పెట్టుకుని, ఒక్కో అడుగూ ముందుకేస్తూ వస్తూనే ఉంటాడు. జోన్స్ తాళ్ళకి చేరగిలబడి ఎదురుచూశాడు. ఒకప్పుడైతే అలా ఎదురుచూసి, చూసి కొట్టగలిగేవాడు. తొమ్మిదో రౌండ్లో జాన్సన్ కుడిచేతి దెబ్బ తగిలింది. జోన్స్ చాలాసేపు రింగులో అలాగే పడుకుని ఉన్నాడు.

ఇక్కడ పుట్టిన తేదీలు ఒకసారి చూద్దాం. టార్వర్ పుట్టింది 1968 నవంబర్. జాన్సన్ పుట్టింది 1969 జనవరి 2. అంటే జోన్స్‌ని పడగొట్టిన ఇద్దరూ కుర్రాళ్ళు కారు. ఒకడు అతనికంటే రెండు నెలలు పెద్ద, ఇంకొకడు రెండు వారాలు పెద్ద. మరి వయసే కారణమైతే వాళ్ళు ఎందుకు నిలబడ్డారు? వాళ్ళ ఆట సామాన్యమైనది కాబట్టి. గడ్డం దగ్గర చేతులు, జ్యాబ్, దమ్ము, ఓపిక. వీటికి వయసు నెమ్మదిగా తగులుతుంది. ఏటికి కొంచెం అరిగిపోతాయి, సర్దుకోవచ్చు. చూపు మెరుపు అలా అరగదు. కనురెప్ప వేసేంతలో దెబ్బ తప్పించుకునేవాడు, ఆ రెప్పపాటులో పదోవంతు ఆలస్యమైనా దెబ్బ తినేస్తాడు. నిన్నటిదాకా సున్నా తగిలేవి, ఇవాళ మొహం మీదే తగులుతాయి. మధ్యలో మెట్లు లేవు. బరువు ఎక్కిదిగడం జోన్స్‌కి చేసిన కీడు ఇదే. ఎలాగూ నాలుగైదేళ్ళలో పోవాల్సిన ఆ పదోవంతుని అది ఒక్క వేసవిలో పట్టుకుపోయింది. పోయాక చూసుకుంటే వెనక ఇంకేమీ లేదు.

ఈ లెక్కకి ఎదురులెక్క బెర్నార్డ్ హాప్కిన్స్.

ఫిలడెల్ఫియా కుర్రాడు. పద్దెనిమిది నిండీ నిండకుండానే నేరాల్లో చిక్కి, గ్రేటర్‌ఫోర్డ్ జైల్లో దాదాపు అయిదేళ్ళు గడిపాడు. బాక్సింగ్‌ని పట్టుకుంది అక్కడే. బయటికొచ్చి 1988లో ఆడిన మొదటి ప్రొఫెషనల్ పోటీలోనే ఓడిపోయాడు. 1993లో జోన్స్ చేతిలో ఓడాడు. అతనిలో చూడగానే నోరు తెరిచే ప్రతిభేమీ లేదు. అందువల్ల అన్నీ నేర్చుకోవాల్సి వచ్చింది. దూరం కొలవడం, ఎదటివాడి భుజం కదలికని బట్టి చేయి ఎటు రాబోతుందో ఊహించడం, దగ్గరికొస్తే హత్తుకుని పట్టేసి ఊపిరి తీసుకోవడం, ఎదటివాడి లయ చెడగొట్టడం. చూడ్డానికి అందంగా ఉండదు. చాలామంది విసుక్కున్నారు కూడా. కానీ చేయి బయల్దేరాక తప్పుకునేవాడికి కళ్ళు కావాలి. బయల్దేరకముందే తెలుసుకునేవాడికి జ్ఞాపకం చాలు. వయసుతో కళ్ళు తగ్గుతాయి, జ్ఞాపకం పెరుగుతుంది.

రెండోది అతని బతుకు తీరు. చాలామంది బాక్సర్లు పోటీ ఒప్పుకున్నాక శిక్షణ మొదలుపెడతారు. మధ్యలో తిని, తాగి, పదిహేను ఇరవై కిలోలు పెరిగి, మళ్ళీ అవన్నీ దించుకోవడానికి సగం శిక్షణ ఖర్చు చేస్తారు. ఇలా ఎక్కిదిగే ఒళ్ళు చెరువు గట్టులాంటిది. నిండినప్పుడల్లా, ఎండినప్పుడల్లా కొంచెం కొంచెం మన్ను జారుతూ ఉంటుంది. హాప్కిన్స్ అలా కాదు. పోటీ ఉన్నా లేకపోయినా తెల్లవారుజామున పరుగు, మితమైన తిండి, మందు ముట్టకపోవడం. జైలు నేర్పిన క్రమశిక్షణ బయట కూడా వదల్లేదు. 1995 నుంచి 2005 దాకా ఒకే తూకంలో, 160 పౌండ్లలో, ఇరవైసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. నలభై దాటాక ఒక్కసారి పైతూకానికి ఎక్కాడు, మళ్ళీ పాత 160 జోలికి పోలేదు.

ఎక్కిన తొలి పోటీ 2006లో, ఎవరితో అనుకున్నారు? జోన్స్‌ని పడగొట్టిన టార్వర్‌తోనే. టార్వర్ అంతకుముందే 'రాకీ బల్బోవా' సినిమాలో హెవీవెయిట్ ఛాంపియన్ వేషం వేశాడు. వేషం కోసం ఒళ్ళు పెంచి, పోటీ కోసం మళ్ళీ 175కి దించుకుని వచ్చాడు. ఇంచుమించు మూడేళ్ళ కిందట జోన్స్ నడిచిన దారే అది. పన్నెండు రౌండ్లలో 41 ఏళ్ళ హాప్కిన్స్ అతన్ని చిత్తుగా ఓడించాడు. సాకులున్నాయా అని అడిగినవాడి దగ్గర ఈసారి సాకు తయారుగా ఉంది.

ఇక మూడో సంక్రాంతి బిడ్డ, అలీ. ఈ కథ చాలామందికి తెలిసిందే కనుక ఒక్క ఏడాది మాత్రమే చూద్దాం.

1980 జనవరిలో అలీ మన దేశం వచ్చాడు. ఢిల్లీలో మన సైనిక బాక్సర్ కౌర్ సింగ్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో తన పాత మిత్రుడు జిమ్మీ ఎల్లిస్‌తో ఆడాడు, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్.ని కలిశాడు. అప్పటికి ఆటనుంచి తప్పుకున్నాడు, ఒళ్ళు వచ్చింది, నవ్వుతూ ఉన్నాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అదే ఏడాది అక్టోబర్ 2న లాస్ వేగస్‌లో లారీ హోమ్స్ ముందు నిలబడ్డాడు. హోమ్స్ ఒకప్పుడు అలీ దగ్గరే సాధన జోడీగా పనిచేసిన కుర్రాడు.

ఆ పోటీకి ముందు అలీని చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారు. ఒళ్ళు సన్నబడింది. జుట్టుకి నల్లరంగు వేయించాడు. పాతికేళ్ళ అలీ తిరిగొచ్చాడన్నారు. కాటా ఎక్కితే 217న్నర పౌండ్లు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ని పడగొట్టిన రాత్రి అతని తూకం 216న్నర. ఒక్క పౌండే తేడా! కాటా ప్రకారం ఇద్దరూ ఒకే మనిషి.

కానీ ఆ బరువు సాధన వల్ల తగ్గింది కాదు. థైరాయిడ్ మందు వాడాడు, వాడాల్సినదానికంటే ఎక్కువే వాడాడు. ఆ మందు ఎక్కువైతే కొవ్వుతో పాటు కండనీ కరిగిస్తుంది. గుండెని పరుగులు పెట్టిస్తుంది. ఒంట్లో వేడి పెంచి, నీరు లాగేస్తుంది. రింగులో అలీ చేతులు లేవలేదు. పది రౌండ్లలో న్యాయనిర్ణేతలు ఒక్క రౌండ్ కూడా అతనికి ఇవ్వలేకపోయారు. పదో రౌండ్ అవగానే అతని గురువు ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. మరుసటి ఏడు బహమాస్‌లో ఇంకోసారి ఆడి, ఓడి, మానేశాడు. 1984లో పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది.

అలీ విషయంలో ఆడే తీరు కూడా పగబట్టింది. కుర్రతనంలో కాళ్ళ మీద నాట్యం చేస్తూ దెబ్బ తగలనిచ్చేవాడు కాదు. సైన్యంలో చేరనన్నందుకు మూడున్నరేళ్ళు ఆటకి దూరం చేశారు. 1970లో తిరిగొచ్చేసరికి ఆ కాళ్ళు లేవు. అప్పుడు తనలో ఇంకో శక్తి ఉందని కనిపెట్టాడు. ఎంత గట్టి దెబ్బైనా తిని నిలబడగలడు. ఆ శక్తే అతన్ని కిన్షాసాలో, మనీలాలో గెలిపించింది. ఆ శక్తే తర్వాత వడ్డీతో వసూలు చేసుకుంది. దెబ్బలు తినలేని బాక్సర్ తొందరగా ఇంటికి పోతాడు. తినగలిగినవాడే ఎక్కువ నష్టపోతాడు.

కిన్షాసాలో ఓడిన ఫోర్‌మన్ సంగతి కూడా ఒక్క మాటలో చెప్పాలి. పదేళ్ళు ఆట మానేసి, పాస్టరై, భారీగా ఒళ్ళు పెంచి 1987లో తిరిగొచ్చాడు. జనం నవ్వారు. 1994లో, 45 ఏళ్ళ వయసులో, 250 పౌండ్ల ఒళ్ళుతో మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో ఒక్క కుడిచేతి దెబ్బతో పడగొట్టి మళ్ళీ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తొమ్మిది రౌండ్లయ్యేసరికి పాయింట్లలో వెనకబడే ఉన్నాడు ఆ రాత్రి. బాక్సింగ్‌లో అందరికంటే చివరగా పోయేది దెబ్బలోని బలం. హెవీవెయిట్‌కి పైన హద్దు లేదు కనుక అతనికి కాటా భయమూ లేదు. ఫోర్‌మన్ ఆ ఒక్క బలం మీదే బతికాడు, అది అతనికి ద్రోహం చెయ్యలేదు.

ఇప్పుడు ఒక్క రోజు చూద్దాం. 2011 మే 21. ఆ రోజు మాస్కోలో రాయ్ జోన్స్ డెనిస్ లెబెదెవ్‌తో ఆడుతున్నాడు. జోన్స్ వయసు 42. పదో రౌండ్, అదే చివరిది. ఇంకొన్ని సెకన్లు నిలబడితే పోటీ అయిపోతుంది. ఆ కొన్ని సెకన్లలోనే మళ్ళీ దెబ్బ పడింది, మళ్ళీ నేల మీదికి ఒరిగాడు. అదే రోజు రాత్రి, సముద్రానికి అవతల మాంట్రియల్‌లో, 46 ఏళ్ళ హాప్కిన్స్ జాన్ పాస్కల్‌ని ఓడించి, ఫోర్‌మన్ రికార్డు దాటి, బాక్సింగ్ చరిత్రలో అందరికంటే పెద్దవయసు ఛాంపియన్ అయ్యాడు. 1993లో వాషింగ్టన్‌లో ఒకే రింగులో నిలబడ్డవాళ్ళు వీళ్ళిద్దరూ. గెలిచినవాడు మాస్కోలో పడి ఉన్నాడు, ఓడినవాడు మాంట్రియల్‌లో బెల్టు ఎత్తుకున్నాడు.

హాప్కిన్స్ కథ కూడా సుఖాంతం అనుకోకండి. 2016 డిసెంబర్‌లో, ఇంకో నెలలో 52 నిండుతాయనగా, జో స్మిత్ అనే యువకుడి దెబ్బలకి తాళ్ళ మధ్య నుంచి రింగు బయటికి పడిపోయాడు. ఎంత పొదుపరి ఖాతా అయినా ఏదో ఒక రోజు సున్నాకి వస్తుంది. పొదుపరికి దక్కింది 1993కీ ఆ రాత్రికీ మధ్యలోని ఇరవై మూడేళ్ళు.

బాబాయి దగ్గర ఒక డేగ పుంజు ఉండేది. వరసగా రెండు సంక్రాంతులు గెలిచింది. మూడో ఏడు దాన్ని అరచేతుల్లోకి తీసుకుని ఊపి చూశాడు. వేళ్ళు పెట్టి నొక్కాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గంప తీసి, పెట్టల మధ్యలోకి వదిలేశాడు. డబ్బు కట్టడానికి వచ్చినవాళ్ళు గొడవ పెట్టారు. "బరువు అంతే ఉంది కదా బాబాయ్. ఇంకా గెలుస్తుంది" అన్నాడు ఒకాయన. "గెలుస్తుందిరా. ఒకటో, రెండో. ఏది ఆఖరిదో దానికీ తెలీదు, నాకూ తెలీదు" అన్నాడు బాబాయి. ఆ పుంజు ఇంకో నాలుగేళ్ళు ఆయన పెరట్లోనే తిరిగింది. పొద్దున్నే అదే మమ్మల్ని లేపేది.

2003 మార్చి 1 రాత్రి లాస్ వేగస్‌లో, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ రాయ్ జోన్స్‌ని అలా పట్టుకుని చూసేవాడు ఎవరూ లేరు. పుంజుల గురించి అంత తెలిసినవాడు తనని మాత్రం కాటాకి వదిలేశాడు. కాటా 193 అని చెప్పింది. ఎనిమిది నెలలకి 175 అని చెప్పింది. రెండూ నిజమే.